రాయి చుట్టూ తిరిగే సారు

ఆయన పోయిన కబురు నాకు మొదట తెచ్చింది మా మేనత్త. ఈ ఒక్క వాక్యం రాయడానికే నాకు రెండు రోజులు పట్టింది. మా ఇంట్లో ఆయన పేరు ఇరవై ఏళ్లుగా ఎవరూ ఎత్తలేదు. ఎత్తొద్దన్నది కూడా అత్తే.

ఆ రోజు కళ్లు చూపించుకోవడానికి మిర్యాలగూడ నుంచి సూర్యాపేట పోయింది. దవాఖానలో వరసలో తన పక్కన కూర్చున్న ఆడమనిషి మాటల్లో మాటగా ఆయన కూతురని తేలిందట. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడి అంది.

"చైన్ సారు పోయిండంట. నెల దాటిందంట."

నేను ట్యూషన్ పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. "ఎవరత్తా?" అన్నాను. వినపడక కాదు. ఆ మాట ఆమె నోట ఇంకోసారి వినాలనిపించింది.

"ఎవరేంది? మీ సారే," అంది. కళ్లలో పోసిన మందుకో, మరి దేనికో, కొంగుతో ఒత్తుకుంటూ లోపలికి పోయింది.

నిజానికి ఆయన సారు కాదు. సర్వే ఆఫీసులో గొలుసు పట్టే మనిషి. భూములు కొలిచేటప్పుడు ఇనప గొలుసు ఒక కొస పట్టుకొని ముళ్లల్లో, బురదలో ముందు నడిచేది ఆయన. కాగితం మీద సంతకం పెట్టేది ఇంకొకరు. అందుకే జనం ఎగతాళికి చైన్ సారు అనేవారు. నేను మాత్రం ఎగతాళి లేకుండానే సారు అన్నాను. నా జన్మకు నేను చూసిన బడి ఆయనే.

చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి నా కుడికాలు సన్నబడిపోయింది. అమ్మానాన్న అంతకు ముందే పోయారు. కోదాడలో ఒక పెంకుటింట్లో అత్త నన్ను సాకింది. భర్త వదిలేసిన మనిషి, నన్ను మాత్రం ఒక్క పూట వదల్లేదు. పొద్దున పూజ చేసుకుంటూ స్తోత్రాల పుస్తకం నా ఒళ్లో పెట్టి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివించింది. అట్లా నాకు చదువు దేవుడి పేర్లతోనే మొదలైంది. లెక్కలు మాత్రం అత్తకు రావు. కాలు తీసుకున్న భగవంతుడు పక్క గదిలోకి ఆయన్ను కిరాయికి పంపాడు. నేను ఇప్పటికీ పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు ఈ రెండూ కలిపే చెప్పుకుంటాను.

ఒక రోజు అత్తే అడిగింది. "అన్నా, జర మా పిల్లకు లెక్కలు చెప్పరాదే."

"నాకేం వచ్చు చెల్లె? నాకు వచ్చినయి రాళ్లు, గట్లు. గంతే."

"గవ్వే చెప్పు. ఊకె గోడ చూసుకుంట కూసుంటది."

మర్నాడు సాయంత్రం గుప్పెడు చింతగింజలు, జనపదారం ముక్కలు తెచ్చి నా ముందు గచ్చు మీద పోశాడు. గింజలు హద్దురాళ్లు, దారాలు గట్లు. నాలుగు గింజలు నలుచదరంగా పెట్టి చుట్టూ నాలుగు దారాలు పరిచాడు. ఒక మూల నుంచి ఎదురు మూలకు అడ్డంగా ఐదోది వేశాడు.

"ఎన్ని గదులు బిడ్డా?" మళ్లను ఆయన గదులనే అనేవాడు.

"రెండు."

"బయటిది?"

"బయట గది ఎట్ల అయితది సారూ?"

"మరి బయట నిలబడ్డోడు ఎక్కడ ఉన్నట్టు? గాలిల ఉన్నట్టా? దాన్ని గూడ లెక్కపెట్టు. మూడు. ఇగ గింజలు, గదులు కలుపు. ఏడు. దారాలు ఐదు తీసెయ్. ఎంత?"

"రెండు."

"అన్నీ ఒకదానికొకటి అంటుకొని ఉంటే ఎప్పుడైనా రెండే మిగలాలె. మిగలకపోతే ఎక్కడనో తప్పు తిరిగినవ్."

నేను నమ్మలేదు. నెల రోజులు గింజలు మార్చి, దారాలు మార్చి ఆయన్ను ఓడించాలని చూశాను. రెండే మిగిలింది. ప్రతిసారీ ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, తనే ఓడినట్టు చేతులు పైకెత్తేవాడు.

తర్వాత చెప్పిన పాఠమే ముఖ్యమైనది. అడ్డ దారం తీసేసి, ఐదో గింజను ఒక మూలకు చిన్న దారంతో కట్టి చదరం లోపల పెట్టాడు. చూడమన్నాడు. తర్వాత అదే గింజను ఆ మూల నుంచి విప్పకుండానే బయటికి తిప్పాడు.

"ఏది దేనికి కట్టి ఉన్నదో మారిందా?"

"మారలె."

"గింజ ఏ గదిలున్నది?"

"ఇందాక లోపల. ఇప్పుడు బయట."

"చూసినవా? ఏ రాయి ఏ రాయితో కలిసిందో రాసుకుంటే చాలదు బిడ్డా. ఒక్కొక్క రాయి కాడ ఏ గట్టు ముందు, ఏ గట్టు తర్వాత, గా వరస రాసుకోవాలె. వరస ఉంటే గదులు వాటంతటవే వస్తయ్."

ఎట్లా వస్తాయో కూడా చూపించాడు. "ఒక రాయి కాడికి వచ్చినవ్. ఎక్కడి నుంచి వచ్చినవో దాన్ని ఆ రాయి వరసల పట్టుకో. దాని తర్వాత ఏమున్నదో అటు పో. గట్లనే పో. బయలెల్లిన కాడికే వస్తవ్. గప్పుడు నీ ఎడమచెయ్యి పక్కనున్నదే ఒక గది."

గట్ల మీద నడవలేని పిల్లకు ఈ మాట ఏమిటో ఇప్పుడు చెప్పడం కష్టం. మంచం మీద కూర్చొని, కాగితం మీద వరసలు చూసుకుంటూ నేను ఎవరెవరి పొలాలో చుట్టి వచ్చేదాన్ని. ఎన్నో ఏళ్లకు ఒక కాలేజీ పుస్తకం చేతికి దొరికింది. అందులో దీనికి గ్రాఫ్ అని పేరు పెట్టారు. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా కాగితం మీద పరిచే తీరే దాని ముఖాలను నిర్ణయిస్తుందని రాశారు. ఆ ముఖాలే మా గదులు. ఒకే గీతల గుంపును ఎన్ని తీర్లుగా పరిస్తే అన్ని రకాల గదులుంటాయని నాకు చింతగింజలతో చెప్పినవాడు ఏ కాలేజీ గడపా తొక్కలేదు.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. హద్దురాయి మీద ఎవరైనా కూర్చుంటే లేపేవాడు. "లే నాయనా, అది పనిల ఉన్నది" అనేవాడు. కొలత మొదలుపెట్టే ముందు ప్రతి రాయి చుట్టూ ఒకసారి కుడిచేతి వైపుగా తిరిగేవాడు, గుళ్లో తిరిగినట్టే. ఊళ్లవాళ్లు భక్తి అనుకునేవారు. నేనూ అదే అనుకొని అడిగాను.

"రాయికి మొక్కుతవా సారూ?"

"మొక్కు మొక్కే, పని పనే. చుట్టూ తిరుగుతుంటే ఏ గట్టు తర్వాత ఏ గట్టు వస్తదో వరస కండ్లల్ల పడతది. రెండూ ఒక్క చుట్టుతోటే అయితయ్."

ఇక బావి సంగతి చెప్పాలి.

కోదాడ దగ్గర అనంతగిరిలో మా తాత భూమి ఉండేది. దాన్ని ఆయన బతికుండగానే రెండు భాగాలు చేసి, పడమటిది చిన్నాయనకు, తూర్పుది అత్తకు ఇచ్చాడు. నన్ను సాకుతుందని మా నాన్న వాటా కూడా అత్తదాంట్లోనే కలిపాడు. తాత పోయాక మొత్తం భూమిని ఒకతను కౌలుకు చేసి, ట్రాక్టరుతో గట్లన్నీ చదును చేసుకున్నాడు. అతను వదిలేసిన రోజున చూస్తే హద్దురాళ్లు చాలా వరకు ఉన్నాయి గానీ ఐదోది లేదు. రెండు భాగాల నడిమి గట్టు ఉత్తరాన నాలుగో రాయి నుంచి ఐదుకు, ఐదు నుంచి దక్షిణాన ఆరుకు వంగి పోయేది. ఐదు నుంచి బావి దాకా ఒక చిన్న గట్టు ఉండేది. నాలుగుకూ ఆరుకూ సరిగ్గా మధ్యలో పాత బావి. ఐదో రాయి బావికి పడమర ఉండి ఉంటే బావి అత్తది. తూర్పున ఉండి ఉంటే చిన్నాయనది.

ఆ బావి మీదే అత్త ఆశంతా. బావి ఉంటే వరి పెట్టుకొని అక్కడే ఇల్లు వేసుకుందామనుకుంది. లేకపోతే ఆ నేల వాన కోసం మొహం పైకెత్తుకొని ఉండేదే. మేము ఏదో ఒక ఊరికి కూలికి పోవలసిందే.

తాత రాసిన నోటుబుక్కు ఒకటుంది. ఏ రాయి నుంచి ఏ రాయికి గట్టు, ఎన్ని గజాలు, అన్నీ రాశాడు. సారు వచ్చి గొలుసు లాగాడు. నాలుగు నుంచీ ఆరు నుంచీ రాసిన దూరాలకు కొలిస్తే బావికి ఇటుపక్క ఒక చోటు సరిపోయింది. అటుపక్క ఇంకో చోటూ సరిపోయింది.

చిన్నాయన నవ్వాడు. "ఏంది సారూ, గొలుసు రెండు నాలుకలతోని మాట్లాడవట్టె?"

ఊరి పెద్దలు నలుగురొచ్చారు. నన్ను ఆటోలో తీసుకుపోయి వేపచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టారు. సారు నోటుబుక్కు పట్టుకొని రాళ్ల దగ్గరికి పోయాడు. మూడేసి గట్లు కలిసే ఒక్కొక్క రాయి చుట్టూ తిరిగి, మిగతా రాళ్లు ఎటెటు ఉన్నాయో చూసి, పుస్తకంలోకి చూశాడు. వచ్చేటప్పటికి మొహం మారిపోయింది. అక్కడున్నవాళ్లలో అది నాకొక్కదానికే తెలిసిందేమో.

"చెల్లె," అన్నాడు అత్తతో. "మీ నాయన రాయి కాడికి పోతే ఎటు నుంచి తిరుగుతుండె?"

అత్తకు రోషం వచ్చింది. "ఎటు నుంచి ఏంది? గుళ్లె తిరిగినట్టే. మా నాయన అపసవ్యం తిరిగే మనిషా? ఏం మాటలే అన్నా గవి!"

"గదైతే నిజం," అన్నాడు చిన్నాయన కూడా. "మా నాయనకు గా పట్టింపు బాగుండె."

సారు తల వంచుకున్నాడు. తర్వాత అందరికీ వినపడేట్టు చెప్పాడు. "ఈ బుక్కుల ప్రతి రాయి ముంగట రాసిన పేర్లు ఉత్త పేర్లు గాదు. కుడిచేతి చుట్టు తిరుగుకుంట, కనబడ్డ వరసల రాసిండు పెద్దాయన. ఉన్న రాళ్ల కాడ చూసిన, అన్నీ గట్లనే ఉన్నయ్. ఐదో రాయిది గూడ గట్లనే రాసి ఉంటడు. ఆ వరస పట్టుకొని గది చుట్టివస్తే బావి ఎవరి గదిలుందో తెలుస్తది."

"ఎవరు చుట్టాలె?" అన్నారు పెద్దలు.

చిన్నాయన నా వైపు చూపించాడు. "సారు మా అక్క ఇంట్ల చాయ్ తాగే మనిషి. ఆయనొద్దు. గీ పిల్లకు నేర్పిండు గద, గిది చెప్పనీ. మా అన్న బిడ్డ అబద్ధమాడదు."

అందరూ సరేనన్నారు. అత్త వచ్చి నా వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది. మంచం మీద గింజలు పరిచారు. నోటుబుక్కు నా ఒళ్లో ఉంది. తాత చేతిరాత ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఐదు: నాలుగు, ఆరు, బావి.

అత్త గది కోసం నాలుగు మీద వేలు పెట్టాను. నాలుగు నుంచి ఐదు. ఐదో రాయి వరసలో నాలుగు తర్వాత ఏమిటి? ఆరు. బావి కాదు. నా వేలు బావిని తాకకుండా ఆరుకు పోవాలి. అంటే బావి ఈ గదిలో లేదు.

వేలు ఐదు మీదే ఆగిపోయింది. నా వయసు అప్పుడు పదిహేను. భుజం మీద అత్త చెయ్యి వెచ్చగా ఉంది.

"నాకు వస్తలేదు సారూ," అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూశాడు. ఎంతసేపో చెప్పలేను. ఒక గుక్క నీళ్లు మింగేంత సేపు కావచ్చు. ఆ తర్వాత నవ్వి పెద్దల వైపు తిరిగాడు.

"చిన్నపిల్ల. గింతమందిని చూసి వరస మరిచింది. నేను చుడత, మీరు బుక్కు చూసుకుంట ఉండుర్రి."

వంగి, పగుళ్లు తేలిన వేలు నా వేలి పక్కన పెట్టాడు. "నాలుగు. ఐదు. ఆరు. తొమ్మిది. ఎనిమిది. మళ్ల నాలుగు. ఇది చెల్లె గది. బావి తగల్లె." మళ్లీ ఆరు మీద పెట్టాడు. "ఆరు నుంచి ఐదు. ఆరు తర్వాత బావి. బావి నుంచి ఎనక్కి ఐదు. బావి తర్వాత నాలుగు. బావి తమ్మునిది."

బావికి తూర్పున ఆయన చూపించిన చోట గడ్డపార వేశారు. మోకాలు లోతులో విరిగిపోయిన రాయి మొదలు తగిలింది.

అత్త నన్ను లేపి ఆటో వైపు నడిపించింది. ఎక్కబోతూ ఆయన ముందు ఆగింది.

"నా ఇంట్ల చాయ్ తాగిన నోటితోటి నా బావి తీసి వాని చేతుల పెట్టినవ్. ఇగ నా గడప తొక్కకు."

"తొక్క, చెల్లె," అన్నాడు ఆయన.

తొక్కలేదు. ఆ వారంలోనే గది ఖాళీ చేశాడు. మరుసటి ఏడు మేము మిర్యాలగూడ వచ్చాము. అత్త బియ్యం మిల్లులో పనికి కుదిరింది. తవుడు దుమ్ముకు దగ్గుతూ వచ్చి, చేతులు కడుక్కొని, దేవుడి ముందు దీపం వెలిగించి, తర్వాత నాకు అన్నం పెట్టేది. నాలుగిళ్ల పిల్లలకు నేను లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. పిల్లలు వేళ్లతో చింతగింజల చుట్టూ తిరుగుతుంటే, అత్త పక్కనుంచి పోతూ మొహం తిప్పుకునేది. ఆపమని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఆయన గది ఖాళీ చేయడానికి ముందు, బావి గొడవకూ ముందు, నేనొక ప్రశ్న అడిగి ఉన్నాను. "సారూ, నేల మీద పరిస్తే బయట ఒక గది ఉన్నది. మరి కుండ మీద గీస్తే బయట ఏది?" ఆయన చాయ్ తాగడం ఆపి, "అబ్బో" అన్నాడు. "రేపొచ్చి చెప్త. నేను గూడ చూడాలె" అన్నాడు. ఆ రేపు పొలం పనుల్లో పడింది. తర్వాత ఎప్పటికీ రాలేదు. మిర్యాలగూడలో ఒక మధ్యాహ్నం కుండ బోర్లించి సున్నంతో నేనే గీసుకున్నాను. దాన్ని ఎటు తిప్పితే అటు ఒక గది ఎదురొచ్చింది. ఏదీ బయట కాదు. అన్నీ లోపలివే, ఒకదాని పక్కన ఒకటి. అప్పుడు నాకు ఎంత సంతోషమైందో, ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఎంత ఏడ్చానో దేవుడికే తెలుసు. ఆ కుండను కొన్నాళ్లు కడగనివ్వలేదు.

ఒక్కసారి కనపడ్డాడు. సూర్యాపేట బస్టాండులో, నేనూ అత్తా ఉన్న బస్సు కదులుతుంటే, ప్లాట్‌ఫారం మీద చేతిలో సంచితో నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. అత్త చూసి మొహం అటు తిప్పుకుంది. ఆయన చెయ్యెత్తి, చూపుడు వేలితో గాలిలో కుడి వైపుగా ఒక చుట్టు చుట్టాడు. నేను కిటికీ కింద, ఒళ్లో, అత్తకు కనపడకుండా అదే చుట్టు చుట్టాను. ఆయనకు కనపడి ఉండదు. పైకెత్తి చూపించి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. అది తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

కబురు తెచ్చిన సాయంత్రం అత్త వంటింట్లో పీట మీద కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను కర్ర ఆనించుకొని పోయి గోడకు చేరగిలి కూర్చున్నాను.

"అత్తా, ఆ రోజు నాకు వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పిన."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"గప్పుడే. నీ భుజం మీద నా చెయ్యి ఉండె. ఐదు కాడ నీ వేలు ఆగంగనే నీ ఒళ్లంత గడ్డ కట్టింది. చేతులల్ల పెంచిన పిల్లవు, నాకు తెల్వదా?"

"మరి సారును అన్ని మాటలెందుకన్నవ్?"

ఆమె చేతిలో కాయ అట్లాగే పట్టుకుంది. "మరి నిన్నంటనా? నా కోసమే అబద్ధమాడితివి. నా తమ్మున్నంటనా? వాడు అడిగింది వాని వాటానే. ఎవర్నో ఒకర్ని అనకుంటె నా పాణం నిలువకుండె. ఆయన ముంగటికొచ్చి నిలబడ్డడు. తిట్టు అన్నట్టే నిలబడ్డడు. తొక్క చెల్లె అన్నప్పుడు గూడ నా మొఖం చూడలె పిల్లా, నీ మొఖం చూసిండు."

నేను గిన్నెలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకొని ఈనె లాగాను.

"ఎన్నిసార్లు సూర్యాపేట పోయిన. ఒకసారి ఇల్లు గూడ కనుక్కున్న," అంది. "గడప దాక పోయి ఏమని పిలువాలె? అన్నా అని పిలిచే మొఖం నాకేడున్నది?"

"ఆయన కూతుర్ని అడగవలసింది, సారు ఎప్పుడన్న మనల్ని..."

"అడిగిన," అంది అత్త. "గొడవ సంగతి ఎన్నడు చెప్పలేదంట. కోదాడల నాకు చాయ్ పోసిన చెల్లె ఒకామె ఉండె అని మాత్రం చెప్పేటోడంట. గామె నేనేనని ఆ పిల్లకు చెప్పలేక లేచొచ్చిన."

ఆ చిక్కుడుకాయలు ఆ పూట వండలేదు. మర్నాడు తొలి బస్సుకు ఇద్దరం సూర్యాపేట పోయాం. ఆయన కూతురు తలుపు తీసింది. అత్త గడప బయటే నిలబడి, "గా చెల్లెను నేనే బిడ్డా" అంది.

ఆయన పేరు ఇక్కడ రాయలేదు. రాయొద్దని కూతురే అడిగింది, నాన్నకు ఇష్టముండదని. అందుకే చదివినవారిని ఒక్కటి కోరుకుంటున్నాను. మీ ఇంట దీపం పెట్టే వేళ ఒక్క ఘడియ ఆయన్ను తలచుకోండి. ఒక పిల్ల నోట రావలసిన చేదు నిజాన్ని తన నోటితో చెప్పి, తనకు అన్నం లాంటి ఇంటిని వదులుకొని, దాని గురించి ఎవరి దగ్గరా నోరు విప్పని గొలుసు మనిషి అని తలచుకుంటే చాలు. ఎవరిని తలుస్తున్నారో పైవాడికి తెలుస్తుంది.